తుపాకీ లైసెన్సూ, 'నిల్' స్టేట్‌మెంటూ

(మన సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగపాఠం)



ప్రతి ఏడూ ఈ సభలో డి.ఏ. బకాయిల గురించో, హెల్త్ కార్డుల గురించో, మోకాళ్ల నొప్పుల గురించో మాట్లాడుకుంటాం. ఈసారి కార్యదర్శిగారు నన్ను పట్టుకుని, "మీరు అమెరికా వెళ్లివచ్చారు కదా, ఆ విశేషాలు చెప్పండి" అన్నారు. నయాగరా జలపాతం గురించి మన సభ్యులు ఇప్పటికే పదిమంది చెప్పారు. కొందరు రెండుసార్లు చెప్పారు. అందుచేత నేను జలపాతం జోలికి పోను. అక్కడి తుపాకీ లైసెన్సుల గురించి, ఆ లైసెన్సుదారుల్లో ఎంతమందికి కోర్టుల్లో శిక్షలు పడుతున్నాయన్న లెక్కల గురించి చెబుతాను. ఈ ముసలాయనకు తుపాకుల గొడవ ఎందుకని మీరు అనుకోవచ్చు. కారణం ఉంది. మనలో చాలామంది పిల్లలు ఆ దేశంలోనే ఉన్నారు. రెండో కారణం, నేను ముప్పైయైదేళ్ల సర్వీసులో పదకొండేళ్లు కలెక్టరాఫీసు మెజిస్టీరియల్ సెక్షన్‌లో పనిచేశాను. జిల్లాలోని తుపాకీ లైసెన్సుల ఫైళ్లన్నీ నా బల్ల మీదుగానే వెళ్లేవి. తుపాకి పేల్చడం నాకు చేతకాదు గాని, తుపాకి ఫైలు పుటప్ చేయడంలో నన్ను మించినవాడు ఆ రోజుల్లో లేడని మా సూపరింటెండెంటుగారే అనేవారు.

మా అబ్బాయి టెక్సాస్ రాష్ట్రంలో, డల్లాస్ నగరానికి ఉత్తరాన ఉన్న ప్లేనో అనే ఊళ్లో ఉంటున్నాడు. వెళ్లి ఇరవై ఏళ్లయింది, పౌరసత్వం కూడా వచ్చింది. 2023 జూన్‌లో మేమిద్దరం అక్కడికి వెళ్లాం. అప్పటికి నెలరోజుల ముందే, మే 6న, ప్లేనో పక్కనున్న ఆలెన్ పట్టణంలో పెద్ద దుకాణాల సముదాయంలో ఒక దుండగుడు తుపాకీతో ఎనిమిది మందిని చంపాడు. చనిపోయిన వారిలో మన తెలంగాణ నుంచి వెళ్లిన ఇంజనీరు అమ్మాయి కూడా ఉంది. మా కోడలు ప్రతి పండుగకూ బట్టలు కొనే చోటు అది. ఆ ఇంట్లో నెల తరువాత కూడా ఆ మాట వస్తే గొంతులు తగ్గిపోయేవి. పద్నాలుగేళ్ల మనవడు బడిలో "దుండగుడు వస్తే ఎక్కడ దాక్కోవాలి" అని నేర్పిన సంగతి మామూలుగా చెబుతుంటే మా ఆవిడ చేతిలోని కాఫీ గ్లాసు కింద పెట్టేసింది.

ఒకరోజు రాత్రి భోజనాలయ్యాక అబ్బాయి అన్నాడు: "నాన్నా, నేను కూడా పిస్తోలు లైసెన్సు తీసుకుందామనుకుంటున్నాను."

నేను వెంటనే ఏమీ అనలేదు. సెక్షన్‌లో అలవాటు. అర్జీ చదవకుండా ఆర్డరు రాయకూడదు. "సరే, ఎందుకో చెప్పు" అన్నాను. వాడు కంప్యూటరు తెచ్చి నా ముందు పెట్టాడు. ఆ రాష్ట్రపు పోలీసు వ్యవహారాలు చూసే ప్రజాభద్రతా శాఖ ప్రతి ఏడూ ఒక పట్టిక ప్రచురిస్తుంది. ఎడమ వైపు నేరాల పేర్లు, పక్కన ఆ నేరానికి రాష్ట్రం మొత్తంలో పడిన శిక్షలు, ఆ పక్కన లైసెన్సుదారులకు పడిన శిక్షలు, చివర శాతం. మన పీరియాడికల్ రిటర్ను లాగే ఉంది. చూడగానే నాకు ప్రాణం లేచివచ్చింది!

పట్టికలోకి వెళ్లేముందు ఆ లైసెన్సు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను. టెక్సాస్ అంటే సినిమాల్లో గుర్రాలూ తుపాకులూ చూసి, అక్కడ మొదటినుంచీ అందరూ నడుముకు పిస్తోలు కట్టుకుని తిరిగేవారని మనం అనుకుంటాం. అది నిజం కాదు. 1871 నుంచి అక్కడ బయట పిస్తోలు దగ్గర ఉంచుకుని తిరగడంపై చట్టపరంగా నిషేధం ఉండేది. 1991 అక్టోబరు 16న కిలీన్ అనే ఊళ్లో ఒక భోజనశాలలోకి ఒకడు ట్రక్కుతో దూసుకొచ్చి 23 మందిని కాల్చి చంపాడు. అక్కడ తల్లిదండ్రులిద్దర్నీ పోగొట్టుకున్న సుజానా హప్ అనే ఆమె, చట్టానికి భయపడి తన పిస్తోలు కారులో వదిలి లోపలికి వచ్చానని, అది చేతిలో ఉంటే ఏమయ్యేదోనని చట్టసభల ముందు చెప్పింది. తరువాత 1996లో ఆమె శాసనసభకు కూడా ఎన్నికయింది. 1995లో చట్టం మారింది. 1996 నుంచి, బట్టల కింద కనబడకుండా పిస్తోలు పెట్టుకుని తిరగడానికి లైసెన్సులు ఇవ్వడం మొదలుపెట్టారు.

మన పద్ధతికీ వాళ్ల పద్ధతికీ ముఖ్యమైన తేడా ఒకటుంది. మన 1959 ఆయుధాల చట్టం కింద అర్జీదారు తనకు ఆయుధం ఎందుకు అవసరమో చెప్పుకోవాలి, పోలీసు రిపోర్టు రావాలి, ఆ తరువాత అధికారి ఆలోచించి ఇస్తాడు, లేదా కారణాలు రాసి తిరస్కరిస్తాడు. అక్కడ అవసరం అడగరు. అర్హత ఉంటే ఇచ్చితీరాలి. అర్హతలు మాత్రం గట్టివే. నిర్ణీత వయసు నిండాలి. పెద్ద నేరాల్లో శిక్ష పడి ఉండకూడదు. ఒక మోస్తరు నేరమైనా గత అయిదేళ్లలో ఉండకూడదు. మత్తుపదార్థాలకు బానిస కాకూడదు. పన్ను బకాయి ఉండకూడదు. విడిపోయిన భార్యాభర్తల్లో పిల్లల పోషణఖర్చు కట్టాల్సినవారు బాకీ పడి ఉంటే లైసెన్సు రాదు! ఇది చదివి మా ఆవిడ, "ఇదొక్కటీ మనవాళ్లు కూడా పెడితే బాగుండును" అంది. వేలిముద్రలు ఇవ్వాలి, తరగతిలో కూర్చోవాలి, 50 గుండ్లు కాల్చి 250 మార్కులకు 175 తెచ్చుకోవాలి. మొదట్లో ఫీజు 140 డాలర్లు ఉండేది, 2017లో 40కి తగ్గించారు.

ఇక దుకాణాల తలుపుల మీద బోర్డులు. ఇక్కడికి పిస్తోలుతో రావద్దని యజమాని చెప్పదలుచుకుంటే, చట్టంలో ఇచ్చిన మాటలే, ఇంగ్లీషులోనూ స్పానిష్‌లోనూ, అక్షరాలు అంగుళానికి తగ్గకుండా రాయించాలి. కొలత తగ్గితే బోర్డు చెల్లదని వాదించవచ్చు. ఇది విన్నాక ప్రపంచంలో గుమాస్తా లేని దేశం లేదని నాకు ధైర్యం కలిగింది.

ఇప్పుడు పట్టికకు వద్దాం. అబ్బాయి నాకు చూపించింది 2011 సంవత్సరం పట్టిక. రాష్ట్రం మొత్తం మీద ఆ జాబితాలోని నేరాలకు పడిన శిక్షలు 63,679. అందులో లైసెన్సుదారులకు పడినవి 120. శాతం 0.19 కన్నా కొంచెం తక్కువ. "చూశావా నాన్నా, లైసెన్సు ఉన్నవాళ్లలో వెయ్యికి ఇద్దరు కూడా నేరం చెయ్యరు" అన్నాడు.

"తప్పు చదివావురా" అన్నాను.

వాడు ఉలిక్కిపడ్డాడు. పెద్ద కంపెనీలో లెక్కల పనే వాడిది! "వెయ్యి శిక్షల్లో రెండు కూడా లైసెన్సుదారులవి కావు అని ఈ పట్టిక చెబుతోంది. వెయ్యిమంది లైసెన్సుదారుల్లో ఎందరికి శిక్ష పడిందో చెప్పడం లేదు. దానికి వేరే భాగహారం కావాలి. ఆ ఏడాది చివర లైసెన్సుదారులు ఎంతమంది?" అన్నాను. వెతికాడు. 5,18,625 మంది. కాగితం మీద భాగించాను. లక్షకు 23. వాడు చెప్పిన దానికన్నా ఎంతో తక్కువ. మరి మొత్తం జనానికో? 2010 జనాభా లెక్కల ప్రకారం ఆ రాష్ట్రంలో పద్దెనిమిదేళ్లు దాటినవారు సుమారు 1 కోటి 83 లక్షలు. వారి మీద 63,679 శిక్షలంటే లక్షకు దాదాపు 350. అంటే లైసెన్సుదారులకు పడిన శిక్షలు మామూలు జనం కంటే ఇంచుమించు పదిహేను రెట్లు తక్కువ. "నీ వాదనకు నువ్వు తెచ్చిన అంకె కన్నా మంచి అంకె ఉంది, తీసుకో" అని కాగితం వాడికే ఇచ్చాను. కొడుకైనా సరే, ఎదుటి పార్టీకి అనుకూలమైన కాగితాన్ని ఫైల్లోంచి తీసేయడం నా సర్వీసులో లేదు.

ఇలాంటి అంకెలతో రెండో వైపువాళ్లు చేసే పొరపాటు కూడా చెప్పాలి. 2013లో మొత్తం శిక్షలు 50,869, లైసెన్సుదారులవి 158. శాతం 0.19 నుంచి 0.31కి ఎగబాకింది. పత్రికలవాడైతే "లైసెన్సుదారుల నేరాలు పెరిగిపోయాయి" అని రాసేస్తాడు. కాని ఆ రెండేళ్లలో లైసెన్సుదారులు 7,08,048 మంది అయ్యారు. భాగిస్తే లక్షకు 22. అంటే ఏమీ పెరగలేదు. పైన అంకె చూసి కింద అంకె చూడకపోతే ఇంతే. మన పెన్షన్ లెక్కల్లో ఇలాంటివి ఎన్ని చూడలేదు!

ఇంతవరకు మా అబ్బాయిదే పైచేయి. వాడు ఇంకొకటి కూడా చెప్పాడు. 2019 డిసెంబరు 29న అదే రాష్ట్రంలో వైట్ సెటిల్‌మెంట్ అనే ఊళ్లో, చర్చిలో ఒకడు కాల్పులు మొదలుపెట్టి ఇద్దరిని చంపితే, అక్కడ స్వచ్ఛందంగా కాపలా చూస్తున్న పెద్దాయన ఆరు సెకన్లలో వాడిని కూల్చాడు. అది నిజం. ఆయన లేకపోతే ఇంకెందరు పోయేవారో. నేను కాదనలేదు.

అయితే మిత్రులారా, అంకె నిజమైనంత మాత్రాన దాని మీద కట్టిన మాట నిజం కానక్కర్లేదు. ఒక ఉదాహరణ చెబుతాను, కోపగించుకోకండి. చలికాలంలో లైఫ్ సర్టిఫికెట్ల క్యూలో మంకీ క్యాపులు పెట్టుకుని నిలబడతాం కదా. ఆ మంకీ క్యాపుల వాళ్లలో దోపిడీకీ హత్యకూ శిక్ష పడినవారు లక్షకు ఎందరుంటారు? నాకు తెలిసి మన సంఘంలో సున్నా. మరి మంకీ క్యాపు పెట్టుకుంటే నేరాలు తగ్గుతాయని ప్రభుత్వం జి.ఓ. ఇవ్వవచ్చునా? క్యాపు లోపలున్న తల డెబ్బై దాటింది, చేతికర్ర లేనిదే క్యూలో నిలబడలేదు. అది అసలు కారణం. టెక్సాస్ లైసెన్సూ అంతే. పాత నేరస్థుణ్ణి, మత్తుకు బానిసైనవాణ్ణి, బాకీదారుణ్ణి ముందే జల్లెడ పట్టి తీసేశారు. మిగిలినవాడు ఫీజు కట్టగలవాడు, తరగతికి వెళ్లే ఓపిక ఉన్నవాడు. ఇటువంటి వాడికి శిక్ష పడే అవకాశం పిస్తోలు లేకపోయినా తక్కువే. కాబట్టి ఆ 23 అనే అంక జల్లెడ బాగుందని చెబుతోంది. పిస్తోలు మంచిదనీ చెప్పడం లేదు, చెడ్డదనీ చెప్పడం లేదు.

అక్కడి పండితులు కూడా దీని మీద తగవులాడుకున్నారు. తుపాకులను వ్యతిరేకించే ఒక సంస్థ 2002లో, టెక్సాస్ లైసెన్సుదారులు ఆయుధ సంబంధమైన నేరాల్లో మామూలు జనం కన్నా 81 శాతం ఎక్కువగా అరెస్టవుతున్నారని లెక్క ప్రకటించింది. కాని అరెస్టు వేరు, శిక్ష వేరు. చార్జి మెమో అందుకున్నవాళ్లందరూ దోషులైతే ఈ హాల్లో సగం కుర్చీలు ఖాళీ అవుతాయి. ఆ తేడా మనకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. ఇక 2013లో ప్రజారోగ్య పత్రిక ఒకదానిలో వచ్చిన పరిశోధన నాకు న్యాయంగా తోచింది. టెక్సాస్ పరిశోధకులే 2001 నుంచి 2009 వరకు శిక్షల లెక్కలు తీసి చూశారు. దాదాపు అన్నిరకాల నేరాల్లోనూ లైసెన్సు లేనివారికే ఎక్కువ శిక్షలు పడ్డాయని వారు ఒప్పుకున్నారు. అయితే, లైసెన్సుదారులు ఎప్పుడైనా నేరం చేస్తే, అందులో లైంగిక నేరాల వాటా, తుపాకీ నేరాల వాటా, ఒకరి ప్రాణం పోయిన నేరాల వాటా ఎక్కువగా ఉందని కూడా చూపించారు. తక్కువమందే తప్పుతారు, తప్పినప్పుడు కొంప మునిగే తప్పే చేస్తారని నేను అర్థం చేసుకున్నాను.

ఇంకొక మాట. 2021 సెప్టెంబరు 1 నుంచి టెక్సాస్‌లో ఈ లైసెన్సు తప్పనిసరి కాదు. చట్టప్రకారం నిషేధం లేనివారు లైసెన్సు లేకుండానే పిస్తోలు పెట్టుకోవచ్చు. ఇతర రాష్ట్రాల్లో చెల్లుతుందనో, పద్ధతిగా ఉంటుందనో తీసుకునేవారు ఇప్పటికీ తీసుకుంటున్నారు. అంటే జల్లెడ ఉంది గాని, పిండిని జల్లించాలన్న నియమం పోయింది. ఇప్పుడు ఆ పట్టిక తమంతట తాము జల్లెడలోకి వచ్చినవారి గురించే చెబుతుంది. పాత పట్టిక చూపించి కొత్త పద్ధతిని సమర్థిస్తే అది వేరే ఫైల్లోని కాగితం తెచ్చి ఈ ఫైల్లో కుట్టినట్టే.

ఇవన్నీ అబ్బాయికి చెప్పాను. విన్నాడు. "అయితే నాన్నా, నేను ఆ జల్లెడలో నిలిచేవాడినేగా?" అన్నాడు. నిలుస్తాడు. వాడి మీద ఒక్క ట్రాఫిక్ చలానా కూడా లేదు. అప్పుడు నేను ఇరవై అయిదేళ్లుగా ఇంట్లో ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పాను. మా ఆవిడ కూడా మొదటిసారి అప్పుడే విన్నది. మీకూ చెబుతాను.

నేను మెజిస్టీరియల్ సెక్షన్‌లో ఉన్న రోజుల్లో మెట్ట ప్రాంతపు రైతు ఒకాయన మూడేళ్లకొకసారి రెన్యూవల్‌కు వచ్చేవారు. అప్పట్లో లైసెన్సు గడువు మూడేళ్లు. 2019 సవరణతో అయిదేళ్లు చేశారు. ఆయనది తండ్రిగారి నాటి రెండు గొట్టాల తుపాకి, పంటను పందుల నుంచి కాపాడుకోవడానికి. మనిషి తెల్లని పంచె, భుజం మీద కండువా. ట్రెజరీ చలానా, పాత లైసెన్సు పుస్తకం, తుపాకి తనిఖీ కాగితం అన్నీ వరుసగా గుచ్చి తెచ్చేవారు. ఎన్నికలు వచ్చినప్పుడల్లా చెప్పించుకోకుండా తుపాకి స్టేషన్‌లో అప్పగించి రసీదు తెచ్చుకునేవారు. ఏ స్టేషన్‌లోనూ ఆయన మీద చిన్న కేసు లేదు. ఆయన ఫైలు వస్తే నేను ఒక్క కూర్చున్న పాటున నోటు రాసేసేవాణ్ణి: "అర్జీదారుపై ప్రతికూలంగా ఏమీ లేదు. పునరుద్ధరించవచ్చు." మూడుసార్లు అలా రాశాను. మూడోసారి వచ్చినప్పుడు మనిషి బాగా చిక్కిపోయి ఉన్నారు. "ఏమండీ, ఒంట్లో బాగుండలేదా?" అన్నాను. "మా ఇంటావిడ పోయిందండీ, ఆరునెలలైంది. ఇల్లు ఖాళీగా ఉంది" అన్నారు. నేను అయ్యో అన్నాను. చలానా తీసుకున్నాను. నోటులో రాయడానికి దానికి గడి లేదు. అది ప్రతికూలమైన విషయమూ కాదు. ఎప్పటిలాగే రాశాను.

నాలుగు నెలల తరువాత తపాలులో పోలీసుల నుంచి ఉత్తరం వచ్చింది. ఆ తుపాకీతోనే ఆయన తన ప్రాణం తీసుకున్నారు. ఆయుధం తమ స్వాధీనంలో ఉందని, తదుపరి చర్య తీసుకోవలసిందని రాశారు. నేను నోటు రాశాను: "లైసెన్సుదారు మరణించినందున ఫైలు ముగించవచ్చు." ఆ ఏడాది చివర పై ఆఫీసుకు స్టేట్‌మెంటు పంపించాం. లైసెన్సుదారులు ఇంతమంది. అందులో లైసెన్సు షరతులు ఉల్లంఘించినవారు, నేరం చేసి శిక్ష పడినవారు అన్న గడిలో నేను స్వయంగా రాశాను: "నిల్."

మిత్రులారా, ఆ నిల్ అబద్ధం కాదు. ఏ ఆడిటు పార్టీ వచ్చి చూసినా అది సరైన అంకే. అయినా ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరూ నన్ను తప్పు పట్టలేదు, పట్టడానికి తప్పు లేదు. కాని ఆ మనిషి చెప్పిన మాట విన్నది నేనొక్కడినే.

అందుకే టెక్సాస్ పట్టిక చూసినప్పుడు నేను దానిలో ఉన్న అంకెలతో పాటు లేని గడి కోసం కూడా వెతికాను. అమెరికాలో 2021లో తుపాకుల వల్ల చనిపోయినవారు 48,830 మంది. అందులో 26,328 మంది, అంటే సగానికి పైగా, తమ ప్రాణం తామే తీసుకున్నవారు. ఆ సంఖ్యలో మన వయసు మగవారి వాటా తక్కువేమీ కాదు. ఈ మరణాల్లో ఒక్కటి కూడా ఏ రాష్ట్రపు శిక్షల పట్టికలోకీ రాదు. ఎందుకంటే చనిపోయినవాణ్ణి కోర్టు బోనులో నిలబెట్టదు. పిల్లవాడి చేతికి చిక్కి పేలిన పిస్తోలు చాలాసార్లు ఆ పట్టికకు ఎక్కదు. కారులోంచి దొంగ ఎత్తుకుపోయిన పిస్తోలుతో జరిగిన హత్య ఆ దొంగ ఖాతాలో పడుతుంది గాని లైసెన్సుదారు ఖాతాలో పడదు. ఇంట్లో తుపాకి ఉంటే వచ్చే ప్రమాదం ముందు ఆ ఇంటివాళ్లకే వస్తుంది. శిక్షల పట్టిక మాత్రం ఊరివాళ్లకు వచ్చే ప్రమాదాన్నే కొలుస్తుంది. మా అబ్బాయి ఊరివాళ్లకు ప్రమాదకారి కాడని నాకు పట్టిక చెప్పనక్కర్లేదు. నేను పెంచినవాడే.

ఇది చెప్పి ఊరుకున్నాను. వద్దు అనలేదు. నలభై అయిదేళ్ల కొడుక్కి వద్దు అని చెప్పే అధికారం మన పెన్షన్ పేమెంట్ ఆర్డరులో రాసి లేదు. పైగా వాడి భయం ఉత్తది కాదు. ఆ ఊళ్లో పిల్లల్ని పెంచేది వాడు, మూడు నెలలుండి వచ్చేసేది నేను. మూడు ప్రశ్నలు మాత్రం కాగితం మీద రాసి ఇచ్చాను. ఒకటి, ఇంట్లో ఉన్నప్పుడు అది ఎక్కడ ఉంటుంది? రెండు, ఆ పెట్టె తెరవడం ఎవరికి వచ్చు? మూడు, నీకు గాని, ఇంట్లో ఎవరికైనా గాని మనసు బాగుండనప్పుడు దాన్ని ఇంటి నుంచి ఎవరి దగ్గరకు పంపిస్తావు? మూడోదానికి వాడు చాలాసేపు ఆ కాగితం వైపే చూస్తూ కూర్చున్నాడు. మా ఆవిడ లేచి లోపలికి వెళ్లిపోయింది.

ఈ మూడు ప్రశ్నలూ మీకు కూడా మనవి చేస్తున్నాను. మన ఇళ్లల్లో తుపాకులు లేవు, మనకెందుకు అనుకోవద్దు. మీరు అమెరికా వెళ్లినప్పుడు మీ పిల్లల ఇంట్లో ఉందో లేదో మొహమాటపడకుండా అడగండి. మనవలు ఆడుకోవడానికి వెళ్లే స్నేహితుల ఇళ్లల్లో ఉందేమో కనుక్కోమని కోడలికో కూతురికో చెప్పండి. అక్కడ అది తప్పు ప్రశ్న కాదు.

ఇంకొక విన్నపం. మన సంఘంలో ప్రతి ఏడూ కొందరు జీవిత భాగస్వాములను పోగొట్టుకుంటున్నారు. మనం సంతాప తీర్మానం చేసి, రెండు నిమిషాలు మౌనం పాటించి, మినిట్స్ పుస్తకంలో రాసి తరువాతి అంశానికి వెళ్లిపోతున్నాం. ఆరునెలల తరువాత ఆ ఇంటికి వెళ్లి తలుపు తట్టేవారు ఎవరు? ఒంటరి మనిషి చేతికి తుపాకే అందనక్కర్లేదు. వారానికొకరం వంతులు వేసుకుని వెళ్లి ఒక గంట కూర్చుని, కాఫీ తాగి వద్దాం. ఇల్లు ఖాళీగా ఉందని ఎవరైనా చెబితే అయ్యో అని చలానా తీసుకోవద్దు. కుర్చీ లాక్కుని కూర్చుందాం. కార్యదర్శిగారు దీన్ని తీర్మానంగా పెడితే నేను బలపరుస్తాను.

చివరిగా, మా అబ్బాయి ఏం చేశాడని మీరు అడుగుతారు. తీసుకున్నాడు. మేము తిరిగి వచ్చిన రెండు నెలలకు లైసెన్సు కార్డు ఫోటో నా ఫోనుకు పంపించాడు. 250కి 238 వచ్చాయట. మార్కులు వస్తే తండ్రికి చెప్పడం చిన్నప్పటి అలవాటు. నేను బాగుందని రాయలేదు, బాగాలేదని రాయలేదు. "పెట్టె తెరిచే అంకెలు ఎవరెవరికి తెలుసు?" అని రాశాను. జవాబు వాడి దగ్గర నుంచి రాలేదు. కోడలి దగ్గర నుంచి వచ్చింది: "నాకూ ఆయనకూ తెలుసు మామయ్యగారూ. బాబుకి తెలియదు. మీ కాగితం పెట్టె లోపలి తలుపుకి అంటించాం. మూడో ప్రశ్నకు మా అన్నయ్య పేరు రాశాం."

ఆ కాగితం ఏ రిటర్నులోకీ ఎక్కదు. నాకు మాత్రం ఆ 0.19 శాతం కన్నా దాని మీదే ఎక్కువ నమ్మకం.